తెల్ల గీత

మూడు వారాలుగా నా కారు పాడుతోంది.
బ్రేకు తొక్కిన ప్రతిసారీ
గాంధారానికీ మధ్యమానికీ నడుమ, ఏ స్వరానికీ చెందని చోట
ఇనుము ఇనుమును గీరుతున్న చప్పుడు.
రేడియో పెంచుకోమన్నాడు కింది వాటా బిచికో.
పియానోలు శ్రుతి చేసి బతికేదాన్ని,
అపస్వరం మీద దుప్పటి కప్పి నిద్రపోలేను.

షెడ్డువాడు చెప్పిన ధరకి
పదకొండు పియానోలు సరిచేయాలి,
అందులో రెండు బడివి, ఇంతవరకూ పైసా రాల్చలేదు.
అందుకని ఈ ఆదివారం
కుతాయిసిలో, మా తొమ్మిదంతస్తుల మేడ వెనక,
ఆరేసిన దుప్పట్ల నుంచి చుక్కలు రాలుతుంటే
వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టి
మోకాళ్ళ కింద పాత కోటు పరిచాను.

పాచికల బల్ల దగ్గర ఆట ఆగింది.
జాకీ అక్కడ కాదన్నాడు ఒటియా.
అక్కడే అన్నాడు బిచికో.
వాళ్ళు తేల్చుకునేలోగా
కారు ఇంకా నేల మీద ఉండగానే నట్లు వదులు చేశాను.
నాలుగు వచ్చాయి.
ఐదోది రాలేదు.
ఐదోది ఎప్పుడూ రాదు.

స్పానరుకి నీళ్ళ గొట్టం ముక్క తొడిగాను.
పిడి పొడుగైతే బలంతో పనిలేదు,
ఈ సంగతి నలభై ఏళ్ళుగా నా చేతికి తెలుసు.
బరువంతా వేశాను. ఉలకలేదు.
మళ్ళీ వేశాను.
తోక తొక్కిన కుక్కలా కుయ్యిమని
తుప్పు వదిలింది.
బల్ల దగ్గర ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

చక్రం తీస్తే
ఎవరూ ఊడ్వని గది.
చేతికి మసి, ముక్కులో మసి,
ఒకప్పుడు వేలెడు మందం ఉన్న ప్యాడు
ఇప్పుడు అరిగిన సబ్బుబిళ్ళ.
"ఆ కాలిపర్‌ని వేలాడనివ్వకు, గొట్టం తెగుతుంది!"
నాలుగో అంతస్తు నుంచి ఝుజునా కేక.
వాళ్ళాయన లారీ నడిపేవాడు.
పొద్దుటి నుంచి విన్నవాటిలో పనికొచ్చిన మాట ఇదొక్కటే.
పియానో తీగ ముక్కతో పైకి కట్టాను,
మంద్రంలో తెగిన తీగ, ఇన్నాళ్ళకి మళ్ళీ బరువు మోసింది.

కట్టేముందు బోల్టు తుడుస్తుంటే కనిపించిందది.
బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము దాకా
తెల్ల రంగుతో ఒక సన్నని గీత.

ఈ కారు జపాన్ నుంచి ఓడెక్కి వచ్చింది.
స్టీరింగు ఇంకా కుడివైపే,
తలుపు అంచున నాకు రాని అక్షరాల చీటీ.
ఏ ఊరో, ఏ మధ్యాహ్నమో,
ఎవరో దీన్ని బిగించి, లేవబోయి ఆగి,
బిగించాను అని గీసి వెళ్ళారు.
బోల్టు కదిలితే గీత విరుగుతుంది.
ఇన్ని సముద్రాలకీ, మా రియోని ఒడ్డు గతుకులకీ
వెంట్రుకవాసి విరగలేదు.

విరవాల్సింది నేనే.
కాసేపు చేయి ఆడలేదు.

కొత్త ప్యాడ్లు కూర్చున్నాక
బోల్టు తిరిగి పెట్టాను.
ఎంత బిగించాలో పుస్తకంలో అంకె ఉంది,
ఆ అంకెను కొలిచే పనిముట్టు ఇంట్లో లేదు.
తీగ తెగకముందు మణికట్టులో పలికే
ఆ చిన్న వద్దు కోసం ఎదురుచూస్తూ తిప్పాను.
విడిపోయిన తెల్ల ముక్కలు రెండూ
దగ్గరికొచ్చి, దగ్గరికొచ్చి,
ఒకే గీతయ్యాయి.
నా మణికట్టు కూడా సరిగ్గా అక్కడే వద్దంది.

మనవరాలు ఎలిసో గోళ్ళరంగు ఉంది జేబులో,
ముదురు ఎరుపు, అడక్కుండా తెచ్చాను.
తెల్ల గీత పక్కన ఇంకోటి గీశాను.
ఆరేదాకా నోటితో ఊదాను.

చక్రం ఎక్కించి నడుం పట్టుకుని లేస్తే
ఇంకోవైపు చక్రం మిగిలే ఉంది.
బ్రేకులు జంటగానే మార్చాలి మరి.
తల తిప్పేసరికి ఒటియా
జాకీ మోసుకెళ్ళి అటువైపు మోకరిల్లి ఉన్నాడు,
ఆదివారం చొక్కాతోనే.
కారు కింద నుంచి అతని గొంతు,
చాలా చిన్నగా:
"ఇక్కడేనా?"