ఒక మెట్టు కింద

నా ఉద్యోగం వయసు పెంచడం.
షిన్‌జూ ఊళ్లో, కిటికీ లేని మూడో అంతస్తు గదిలో
ఎనభై అయిదు డిగ్రీల పొయ్యి ముందు కూర్చుని
గోరంత చిప్పులకు
వారాల్లో ఏళ్లు తినిపిస్తాను.
ఈ సోమవారం పెట్టినవి
వచ్చే నెలకల్లా నాకన్నా అలిసిపోయి బయటికొస్తాయి.

లోపలేముంటుందే అని అడుగుతుంది మేనత్త.
ఏం చెప్పను?
పిడికెడు ఎలక్ట్రాన్లు, చుట్టూ గాజు గోడ.
తలుపు లేదు.
రాసినప్పుడల్లా గోడలోంచే తోస్తాం,
చెరిపినప్పుడల్లా గోడలోంచే లాగుతాం.
కొన్ని వేలసార్లకు
గోడ తను గోడనన్న సంగతి మరవడం మొదలుపెడుతుంది.

నిండు కుండ తొణకదంటారు.
నిజమే, తొణకదు. చెమరుస్తుంది.
ఎవరూ ముట్టకపోయినా,
సొరుగులో గుడ్డ చుట్టి దాచినా,
వేడి తగిలితే మరీను.

అందుకని కొన్ని మర్యాదలు పెట్టుకున్నాం.
దున్నే ఎద్దునే పొడవకు.
ఈ గడి నిన్నంతా రాసింది, ఇవాళ పక్కదాన్ని లేపు.
చెడిన గడి పేరు పట్టికలో ఎక్కించు,
తిట్టకు, మళ్లీ పిలవకు.
లెక్కలో చూపని ఖాళీ గడులు కొన్ని అట్టేపెట్టు.
పని లేని రాత్రివేళ పాతవన్నీ ఓసారి చదివి
గొంతు తగ్గినదాన్ని కొత్త చోట తిరగరాయి.
అలాగని ఒకదాన్నే పదేపదే చదవకు,
పక్కవాటి నిద్ర చెడుతుంది.

ఈ చివరి మాటని పెంగ్
కాఫీ మిషను మీద అంటించాడు.
మేనేజరు తన గురించే అనుకుని
రెండ్రోజులు మాట్లాడలేదు.

తొమ్మిదో నెల గాలి షిన్‌పూ కొండలు దిగి వచ్చేసరికి
మేనత్త ఛ్యోంగ్-ఇంగ్ పెరట్లో
చెక్కు తీసిన పెర్సిమన్ పళ్లు వెదురు చేటల్లో ఆరుతుంటాయి.
రోజూ ఒక్కోదాన్నీ బొటనవేలితో ఒత్తుతుంది.
ఒత్తకపోతే?
నడుమ గట్టిపడి పులుస్తుంది.
మరీ ఒత్తితే?
పగులుతుంది. ఇంత చదువుకున్నావు, ఇదీ అడగాలా?

ఆ వారమే నాన్‌ల్యావ్ రేవు నుంచి ఒక కార్డు వచ్చింది.
చేపల పడవది. పదకొండేళ్లు ఇంజను పైనే ఉంది,
మూలల్లో ఉప్పు.
వెంగ్ తియెన్-ఫా చేతిరాత:
వలలు చిరిగే రాళ్ల గుర్తులు ఇందులో ఉన్నాయి.
పెట్టింది మా అన్న. వాడికిప్పుడు మాట రాదు.

గ్యారంటీ ఎప్పుడో తీరింది.
పెంగ్ ఒకసారి చదివి, పోయింది, అన్నాడు.
తప్పులు దిద్దే లెక్క సగంలోనే చేతులెత్తేసింది.
అందరూ ఇంటికెళ్లాక
నేను చదివే వోల్టేజీని ఒక మెట్టు దించాను.
చెత్త.
ఇంకో మెట్టు. చెత్తే, కానీ కొంచెం తక్కువ.
నాలుగో మెట్టు మీద
అంకెలు ఒక్కొక్కటే వచ్చి నిలబడ్డాయి,
అక్షాంశం, రేఖాంశం, లోతు.
అవి ఎక్కడికీ పోలేదు. కిందికి జారాయంతే.
నేనే పాత ఎత్తులో నిలబడి
లేవు లేవంటున్నాను.

రెండువందల పన్నెండు రాళ్లలో
తొమ్మిది మాత్రం ఏ మెట్టు మీదా దొరకలేదు.

కొత్త కార్డులోకి ఎక్కించి చీటీ రాశాను:
ఇంజనుకు దూరంగా పెట్టండి.
పడవ తీయని నెలల్లోనూ అప్పుడప్పుడు కరెంటు చూపించండి.
ఇంకో కాపీ ఇంట్లో ఉంచండి.
ఎక్కడున్నాయో చెప్పలేను గాని
సముద్రంలో మరో తొమ్మిది రాళ్లున్నాయి, జాగ్రత్త.

శీతాకాలం నడుమ, ముల్లెట్ చేపలు వచ్చే రోజుల్లో
వెంగ్ జవాబు:
అన్న ముందు పటం పరిచాను.
పొద్దున అడిగితే చూడనైనా చూడలేదు.
సాయంత్రం, పక్కన నేల మీద కూర్చుని,
మెల్లిగా అడిగాను.
వేలు పెట్టాడు. ఏడు చోట్ల.

మిగిలిన రెంటినీ
నా పట్టికలో రాసుకున్నాను.
ఇంతలో పొయ్యి కూసింది,
లోపలి తట్టకి ఆరేళ్లు నిండాయి.
చేతి తొడుగులు వెతుక్కుంటూ లేచాను.