తాళంచెవి ఎవరి దగ్గరుంది

కాస్త్రోలో వాన చెప్పి రాదు.
కర్రకాళ్ళ ఇళ్ళ కింద సముద్రం వెనక్కి జరిగి
బురద, రెండు పడవలు, ఒక ఒంటి చెప్పు మిగిలిన వేళ
ఎదువీహిస్ నావెల్‌కిన్ కొట్లోకి పరిగెత్తాను,
మేజోళ్ళ కోసం కాదు, నెత్తి తడవకుండా.

లోపల ఉన్ని వాసన, కట్టెల పొగ.
ఉల్లిపొట్టు పసుపు, చెట్టుబెరడు గోధుమ.
నీలం మాత్రం కొన్న రంగేనని
అడక్కుండానే ఒప్పుకుంది.

"మాకు వెబ్‌సైటుంది. మూడేళ్ళయింది.
ఒక్కరూ రాయలేదు.
లోకంలో ఎవరికీ చలి వెయ్యదు కాబోలు."

రేవు పక్కన ప్రింటర్లు బాగుచేసేదాన్ని నేను,
అప్పుడప్పుడు ఇలాంటి సైట్లూ.
చెయ్యి ఊరుకోదు. ఫోను తీశాను.

తెల్ల తెర.
పొయ్యి మీద నీళ్ళు కాగాయి.
తెల్ల తెర.
అప్పుడు పైనుంచి కిందికి దిగడం మొదలుపెట్టింది ఒక గొర్రె:
ముందు ఆకాశం, తర్వాత చెవులు,
ముక్కు దాకా వచ్చేసరికి నా ఓపిక అయిపోయింది.
వెచ్చగా కూచున్న నాకే ఇలా ఉంటే
పున్తా అరేనాస్ గాలిలో బస్సు కోసం నిలబడ్డవాడు
చెవులు చూస్తాడా?

"ఈ ఫొటో చాలా పెద్దది" అన్నాను.
"గొర్రె కూడా పెద్దదే" అంది.

కింద చీమల బారులా అక్షరాలు.
వేళ్ళతో సాగదీస్తే కనిపించింది:
సోమవారం సెలవు.
ఇవాళ సోమవారం.
ఆమె లేచి తలుపు తెరిచే ఉందో లేదో చూసొచ్చింది.

'మాకు రాయండి' అన్న చోట రాశాను:
నేను మీ ఎదురుగానే ఉన్నాను.
నొక్కాను. 'ధన్యవాదాలు, అందింది' అంది తెర.
అందింది సరే, ఎవరికి?
ఆమె ఫోను బల్ల మీద రాయిలా పడుంది.

సైటు కట్టినవాడు మేనల్లుడు రొదెమిల్.
ఇప్పుడు సాల్మన్ పడవ మీద ఉన్నాడు.
గాలి హోరులో అరిచాడు:
"నా బడి రోజుల మెయిలు పెట్టానత్తా! నల్లమెరుపు తొంభైతొమ్మిది!"
పాస్‌వర్డు?
"నా మొదటి సైకిలు పేరు... మర్చిపోయాను."
అత్త మర్చిపోలేదు. కొనిచ్చింది తనే.

తెరుచుకుంది.
బూట్ల ప్రకటనల మధ్య, ఆటల ప్రకటనల మధ్య
నూట పదిహేడు ఉత్తరాలు.

'నాలుగేళ్ళ పాపకి టోపీ కావాలి, తల చుట్టుకొలత యాభై.'
నెల తర్వాత అదే మనిషి:
'మీరు ఉన్నారా?'
ఇంకో నెలకి ఒక్క మాట:
'సరే.'

ఆమె ఏమీ అనలేదు.
దారం తీసి కొలకర్ర మీద యాభై పట్టి,
కాసేపు ఆలోచించి, ఇంకో రెండు వదిలింది.
"ఇప్పుడు ఏడేళ్ళుంటాయి."

ఇల్లలకగానే పండగ కాదు.
ఎన్ని కొట్లలో చూశానో ఈ అలికి వదిలేసిన ఇళ్ళు!
కట్టించిన రోజు కేకు కోస్తారు, ఆ తర్వాత
ఎవరూ పరాయివాడిలా వచ్చి తమ తలుపు తట్టి చూడరు.

ఇంకొకటి చెప్పాల్సి వచ్చింది:
సైటు పేరు గడువు పదకొండు రోజుల్లో తీరుతుంది.
కట్టకపోతే ఎవరైనా కొనుక్కోవచ్చు.
"నా పేరునా?"
మీ పేరునే.
బిస్కెట్ల డబ్బా లోంచి నోట్లు లెక్కపెట్టింది.
మెయిలు ఆమెది, రసీదు ఆమె పేర, పాస్‌వర్డు
ఆమె చేతిరాతలో ఉన్ని పద్దు చివరి పేజీలో.
రొదెమిల్ సముద్రం మీద ఉంటే ఉండనీ.

గొర్రెని కుదించాం. ఆమెకది నచ్చలేదు.

ఇప్పుడు నెలకో సోమవారం కొట్టు తెరిచి
పొయ్యి వెలిగించక ముందే
తన సైటులోంచి తనకే రాసుకుంటుంది:
ఎదువీహిస్, ఉన్నావా?
బల్ల మీద ఫోను ఉలిక్కిపడుతుంది.
కళ్ళజోడు వెతుక్కుని, ఒక్కో అక్షరం నొక్కి
జవాబు రాస్తుంది: ఉన్నాను.

ఆ రోజు వాన తగ్గాక మేజోళ్ళు అడిగాను.
సైటులో చూపించిన ధర ఇవ్వబోతే
నవ్వి, తల అడ్డంగా ఊపింది.
అది మూడేళ్ళ నాటి ధర.