వెనకది ఎక్కువ పీలుస్తోంది

నాకు ఈ కారంటే మొదట్నుంచీ గిట్టదు.
అరవై ఏడు మోడల్ ఎమ్‌జీబీ, ముదురాకుపచ్చ.
ఇద్దరికే చోటు.
కెండల్ రోడ్డెక్కామో లేదో
గుడ్డ టాపు సందులోంచి దూరి
వాన వచ్చి మూడో మనిషిలా కూర్చుంటుంది.

ఎడ్గార్‌కి మాత్రం ఆదివారమంటే ఇదే.
చర్చి గంటలు ఆగేసరికి గరాజ్ తలుపు లేస్తుంది.
ఎయిర్ ఫిల్టర్లు ఊడదీసి గోడకి ఆనిస్తాడు.
పక్కపక్కనే తెరుచుకున్న రెండు నోళ్ళు,
ఒక్క ఇంజనుకి రెండు కార్బురేటర్లు.
ఒకే దుప్పటి కింద ఇద్దరు పడుకున్నట్టు:
ఒకరు లాక్కుంటే రెండోవారు వణుకుతారు.
(ఇది ఇంజన్ల పాఠం కాదు,
మా మంచం సంగతి.)

అడుగున్నర రబ్బరు గొట్టం,
ఒక కొస చెవిలో, ఇంకో కొస ఆ నోటి దగ్గర.
లోపల బుస.
ముందుదాని బుస విని, వెనకదాని బుస విని
రెండూ ఒకటయ్యేదాకా మరలు తిప్పాలి.
అంతే విద్య. దానికి కావలసిందల్లా చెవి.

కుడి చెవిని ప్రెస్ షాపుకి ఇచ్చేశాడు,
ముప్ఫై ఏళ్ళ జీతానికి.
ఎడమది అప్పు తీర్చినట్టు
నెలనెలా కొంచెం కొంచెం పోతోంది.

ఈ వసంతం కారు కుదురుగా నిలబడలేదు.
జెట్లదే తప్పన్నాడు, మార్చాడు.
సూదులదన్నాడు, అవీ మార్చాడు.
పెట్రోలు మునుపటిది కాదన్నాడు.
నా కుట్టుమిషన్ నూనె సీసా ఎత్తుకుపోయి
డాష్‌పాట్లలో ఒంపాడు.
చెవి మాట మాత్రం ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

నా సింకు కిటికీ గరాజ్ వైపే.
ముప్ఫై ఎనిమిదేళ్ళ గిన్నెలు.
వద్దు వద్దనుకుంటూనే విన్నాను.
కుదిరిన రోజు కిటికీ అద్దం గిలగిలలాడదు,
స్టాండులో నీలం అంచు ప్లేటొక్కటే
సన్నగా, తనలో తను, మోగుతుంది.
ఆ ప్లేటు మోగి ఏడాదయింది.

"వెనకది!" అని కేకేశాను.
వినబడలేదు, ఎలా వినబడుతుంది.
సబ్బు చేతులతోనే వెళ్ళి
ఆయన చెవిలోంచి గొట్టం లాగి
నా చెవిలో పెట్టుకున్నాను.

నేననుకున్నట్టు పాములా లేదు.
నిద్రపోయే మనిషి పక్కన పడుకుని వినే ఊపిరిలా ఉంది.
ముందుదానిది పొడుగ్గా, బరువుగా.
వెనకదానిది గబగబా,
ఇంకెవరికీ మిగలనివ్వకుండా.

వెనక్కి చూపించి బొటనవేలు కిందికి దించాను.
తిప్పాడు. ఎక్కువైంది. అరచెయ్యి అడ్డం పెట్టాను.
వెంట్రుకవాసి వెనక్కి తిప్పాడు.
తర్వాత కింద ఆరు పలకల నట్టు.
పిస్టన్‌ని పిన్నుతో కాస్త ఎత్తితే
ఇంజను రెచ్చిపోయి, దిగనే లేదు.
తిండి ఎక్కువైంది.
(ఆయన గొణుగుళ్ళు నాకు కంఠతా వచ్చు.)
ఒక వేలు చూపించాను, ఒక పలక.
మళ్ళీ ఒక వేలు.
మూడోసారి ఎత్తితే
ఇంజను కొంచెం లేచి, సర్దుకుని,
ఏమీ జరగనట్టు నడిచింది.

ఆయన నా మొహం చూస్తున్నాడు.
ఇంజను వైపు కాదు.
అంతసేపు నన్ను చూసి ఎన్నాళ్ళయిందో
లెక్క వెయ్యలేదు, చేతులు చల్లబడ్డాయి.

పాత ఇత్తడి మూడు పెన్నీల బిళ్ళ తీశాడు,
పన్నెండు పలకలది, ఎప్పుడూ ఆ జేబులోనే ఉంటుంది.
నడుస్తున్న ఇంజను మూత మీద
అంచు మీద నిలబెట్టాడు.
నిలబడింది.
ఇద్దరం ఊపిరి బిగబట్టి వంగి చూశాం.
వంటింట్లోంచి సన్నగా ప్లేటు.
అది నాకొక్కదానికే.

పడిపోయింది బిళ్ళ.
ఆయన మొహం వాలిపోయింది, చెయ్యి మళ్ళీ మర మీదికి పోయింది.
"పాల లారీ," అన్నాను, "మలుపులో."
వినబడలేదు.
చెయ్యి పట్టుకుని ఆపి, ఎడమ చెవి దగ్గరికి వెళ్ళి
గట్టిగా అన్నాను:
"లారీ, ఎడ్గార్. మనది కాదు."