కొక్కెం

మిర్యాలగూడల మిల్లు ఎనుక కాటా గది.
కీబోర్డు కింద ఊక, ఫ్యాన్ రెక్కల మీద ఊక,
ఎంటర్ నొక్కితే కరకరమంటది.
బయట పదకొండు లారీలు యాసంగి వడ్లతోటి
ఇంజన్లు బందువెట్టి నిలబడ్డయ్.

చీటీలు కొట్టే కొత్త మిషను తెచ్చిండు గుమాస్తా వెంకటనర్సు.
పాత సిస్టం దాన్ని గుర్తువట్టదు.
అప్‌డేట్ కొట్టిన.
నూట నలభై ప్యాకేజీలు దిగినయ్,
సంతకాలు సరిపోయినయ్, జాగ సాలుతది అన్నది,
ఇగ ఎక్కిస్తదనంగ
ఒక్క ఎర్రగీత:
హుక్ ఫెయిలైంది. ఏదీ ఎక్కలేదు.

మళ్ల కొట్టిన. అదే గీత.
తాళం ఫైలు తీసేసి కొట్టిన.
స్క్రీను తుడిచి కొట్టిన,
తుడిస్తే ఏమైతదో నాకూ తెల్వదు.

"హుక్కంటే ఏందమ్మా?"
తలుపుకాడ సైదులు. భుజం మీద బస్తా గుర్తు.
"బస్తా వచ్చిందంటే నువ్వేం జేస్తవ్?"
"కొక్కెం ఏస్త."
"గదే. ప్యాకేజీ వచ్చిందంటే ఇదొక పని జేస్తది.
ఇది వస్తే అది జెయ్యి అని
ఎవరో ఒకరు రాసి వెట్టిపోతరు."
ఆయన తన కొక్కెం దిక్కు చూసుకున్నడు.
పిడి చెమటకు నల్లవడ్డది, మొన తెల్లగున్నది.
"మరి దీన్ని ఎవరు రాసి పోయిండ్రు?"

పొద్దటిసంది గా సంగతి నేను అడుగనే లేదు.

వెతికిన.
సిస్టంతోటి వచ్చిన హుక్కులన్నీ ఒక ఫోల్డర్ల ఉన్నయ్.
ఇది ఇంకో ఫోల్డర్ల, ఒక్కటే.
అందరికన్న ముందు నడువాలెనని
పేరుకు ముందు రెండు సున్నాలు.
తొమ్మిది వరుసలు.
ఆఖరి వరుస: ఇది కాకుంటే అన్నీ ఆపు.
పైన, ఇంగ్లీషు అక్షరాలల్ల మన మాట:

"దీన్ని తీయకుండ్రి. డిస్కు పోయి
హమాలోళ్ల బస్తాల లెక్క పోయింది.
ముప్పై రెండు దినాల కూలి.
నకలు తీయనిది ముందుకు వోవద్దు. జానీమియా."

నాకంటె ముందు ఈ కుర్చీల కూసున్నాయన.
నేను మనిషిని చూడలే.
కుర్చీల గుంత మాత్రం ఆయనదే.

నకలు పోవాల్సింది ఒక పెన్‌డ్రైవ్‌లకు.
ఎనుక ఆ బొక్కల సాలీడు గూడు వెట్టింది.

వెంకటనర్సు గొంతు సవరించుకున్నడు.
"అగ్గో, గదా? బతుకమ్మప్పుడు పాటలకని
డీసీఎం బండిల వెట్టిన."
ఏడు నెలలు.
ఎవ్వరూ అప్‌డేట్ కొట్టలే, అది ఎవ్వరినీ ఆపలే.

"తీసెయ్ దాన్ని, ఒక్క ఫైలే కదా" అన్నడు.
ఒక్క ఫైలే.
వేలు డిలీట్ కాడికి వోయింది కూడ, అబద్ధమెందుకు.
సైదులు ఏమనలే.
తువ్వాలతోటి కొక్కెం మొన తుడుస్తున్నడు,
తుడిచిందే తుడుస్తున్నడు.
ఆ ముప్పై రెండు దినాలల్ల ఈయనవి ఎన్నో
అడగాలనుకున్న, అడుగలే.

డీసీఎం దామరచర్ల వోయింది, వచ్చేసరికి గంటన్నర.
లారీలోళ్లకు చాయ్ తెప్పియ్యమన్న.
అందాక కార్బన్ పెట్టి చేతితోనే చీటీలు రాసిన,
వేళ్లు నీలమైనయ్.

వచ్చింది పెన్‌డ్రైవ్, డ్రైవర్ జేబు వేడితోటి.
అందుల నలభై మూడు పాటలు,
కింద ఒక ఫోల్డరు, పేరు "బస్తాలు".
ఎవరూ తుడిపెయ్యలే. కంటికి ఆనలేదంతే.

వెట్టిన. మళ్ల కొట్టిన.
మొదటి వరుసల "నకలు తీస్తున్న" అని వచ్చింది.
జానీమియా మాటలే.
ఏడు నెలల బస్తాలు అందులకు పోవుడుకు
పదకొండు సెకన్లు వట్టింది.
సైదులు నోట్లె లెక్కవెట్టిండు.
తర్వాత నూట నలభై, ఒకదాని ఎంట ఒకటి,
ఆగకుండ ఎక్కినయ్.

కొత్త మిషను మొదటి చీటీ కక్కింది, అచ్చు కొంచెం వంకర.
"లారీ రానియ్" అని ఎవరో కేకేసిండ్రు.

జానీమియా రాత కింద నేను ఒక వరుస కలిపిన:
"పెన్‌డ్రైవ్ ఎవ్వరికీ ఇయ్యకుండ్రి.
పాటలకైతే అసలే ఇయ్యకుండ్రి. సునంద."
కీబోర్డు బోర్లిచ్చి ఊక దులిపి
సేవ్ కొట్టిన.