తడ దాటాక

మాది పుత్తూరు పక్క పల్లె.
జిల్లా అంటే నాకు చింతతోపులూ, గుండ్రాళ్ళూ,
మూడొందల అడుగులకీ పలకని బోరుబావులూ.
కాగితం మీద గీత జరిపి
ఒక పొద్దున సముద్రాన్ని మాకు కలిపారు.
కొన్నాళ్ళకి నన్నూ, నా గొలుసునీ, గొడుగునీ
తడకి బదిలీ చేశారు.

భీమునివారిపాళెం రేవులో పడవ.
నడిపేది ఆర్ముగం కొడుకు కోదండం.
నన్ను తెలుగులో ఎక్కించుకున్నాడు,
ఇంజన్ని అరవంలో తిట్టాడు,
నడిమధ్యలో ఆపి గెడ దించి చూపించాడు.
మోకాటి లోతు.
"ఇంత నీళ్ళకే అంత పేరు సార్, పులికాట్‌కి.
రాయదొరువు కాడ ఇసక పూడి
సముద్రం నోరు మూసుకపోయింది.
నోరు మూస్తే ఎవురికైనా ఒళ్ళు తీయదా?"

పడవలో నా కాళ్ళ దగ్గర సరిహద్దు రాయి.
మా వైపు క్వారీలో కోసిందే,
నాలాగే ఉప్పుగాలి కొత్త దానికి.

ఇరకం దీవి ఒడ్డున, నడుం లోతు నీళ్ళలో
ఒకామె వంగి చేతులతో బురద తడుముతోంది.
పేరేమిటని అడిగితే పలకదు.
మళ్ళీ అడిగాను, కొంచెం గట్టిగా, సర్కారు గొంతుతో.
అప్పుడు తలెత్తింది.
పళ్ళ మధ్య తాటాకు బుట్ట,
బుట్టలో గిలగిల రొయ్యలు.

ఏకొల్లు పోలమ్మ.
బుట్ట దించాక ఆమె నోరు ఆగలేదు.

"జిల్లా మారిందంట గదా సామీ,
మా రేషను కార్డుకి చెప్పినారు, మాకు చెప్పలా.
తిరపతంటే కొండ గదా?
ఈడ అన్నిటికన్నా ఎత్తు మా పొయ్యిగడ్డే.
కొంగల పండక్కి సూళ్ళూరుపేట నిండా కార్లంట,
జనం కొంగల దాకా వస్తారు,
మా దాకా రారు.
అవతలొడ్డున రాకెట్టు లేసేటప్పుడు
గిన్నెలు గలగలమంటాయి,
పిల్లోళ్ళు లెక్కబెడతారు, ఆడికి పదంకెలు వచ్చినట్టే."

నీ హద్దు ఎక్కడమ్మా అన్నాను.

నవ్వింది. నీళ్ళలోకి నడిచింది. నన్నూ రమ్మంది.
ప్యాంటు మడిచి, బూట్లు మెడకి తగిలించుకుని దిగాను.
"ఈడ గుల్లలు గుచ్చుతాయి, ఇది పట్టపోళ్ళ వల.
ఇంకో పది అడుగులెయ్యి.
కాలికి చల్లంగా, మెత్తంగా తగిలిందా?
అది మా చెయ్యి ఆడే చోటు.
చిత్తిరిలో ఇదంతా ఎండి పగుళ్ళిస్తాది,
అప్పుడు హద్దు అదో, ఆడికి పోతాది.
కార్తీకంలో మళ్ళా గుడిసె ముందుకొచ్చి కూచుంటాది.
దీనికి రాయి ఏ నెలలో పాతతావు?"

నా పుస్తకంలో నెలకి గడి లేదు.
మెత్తదనానికీ లేదు.
పరికరం ఉపగ్రహాల్ని వెతికి వెతికి
నాలుగు దొరికాయంది, తర్వాత రెండంది,
ఆ తర్వాత బ్యాటరీ అయిపోయింది.

వచ్చేటప్పుడు గాలి లేచింది.
తెప్పలా ఊగే పడవని ఆపాలి,
లంగరు తాడు తెగి ఎన్నాళ్ళయిందో.
కోదండం నా వైపు చూశాడు.
నేను నా కాళ్ళ దగ్గరికి చూశాను.
ఇద్దరం మాట్లాడుకోలేదు.
మోకు కట్టి, బాణం గుర్తు పైకి ఉండేలా
నేనే దించాను.

పోలమ్మ మూరెడు కొబ్బరాకులో చుట్టిచ్చిన రొయ్యలు
ఆ రాత్రి గదిలో వేపుకుని తిన్నాను.
ఉప్పు వెయ్యక్కర్లేదని అప్పుడు తెలిసింది.

మండలం రికార్డులో రాయి పాతినట్టే ఉంది,
కింద నా సంతకం.
అబద్ధమేం కాదు.
రోజూ పొద్దున కోదండం దాన్ని పీకుతాడు,
నీళ్ళు ఎక్కడుంటే అక్కడ
మళ్ళీ పాతుతాడు.