పదకొండు సెకన్లు

రాయదుర్గం మెట్రో దిగి
ఎడమకి తిరగడం కాళ్ళకే తెలుసు.
తొమ్మిదో అంతస్తు, కిటికీ పక్క సీటు.
చేరిన రోజు ఎదురుగా
ఏనుగంత బండ ఉండేది,
దాని పగులులో ఒక సీతాఫలం చెట్టు.

రాత్రి ఆగిపోయిన జాబుని లేపాలి,
తేదీ తప్పిన వరసలు సరిచేయాలి,
టికెట్ మూయాలి.
రేపూ అదే టికెట్, నంబరు వేరు.

మొదటి ఏడాది బండకి రంధ్రాలు వేశారు.
తర్వాత గొయ్యి, గొయ్యి నిండా వాననీళ్ళు.
ఇప్పుడు పన్నెండు అంతస్తులు లేచి
నా టేబుల్ మీది ఎండని తినేశాయి.

అప్రైజల్లో సుధీంద్ర గారు
"నువ్వుంటే నిశ్చింతమ్మా" అన్నారు.
తలుపు గొళ్ళేన్నీ అలాగే మెచ్చుకుంటారు.

నా తర్వాత చేరిన ఫర్హీన్
కొత్త ప్రాజెక్టుకి పోతూ
తన మనీప్లాంట్ నాకిచ్చి పోయింది.
బయట ఇంటర్వ్యూలో ఒకతను అడిగాడు:
"ఐదేళ్ళలో ఏం కట్టారు?"
నాకు ఆ పన్నెండు అంతస్తులే గుర్తొచ్చాయి.

శ్రావణంలో ఒక రాత్రి, కరెంటు పోయి వచ్చాక
నిద్ర పట్టక
నలభై లైన్లు రాశాను.
నా రోజంతటి పనీ
పదకొండు సెకన్లలో అయిపోయింది.
చాయ్ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

ఎవరికీ చెప్పలేదు.
పొద్దున్నే దాన్ని నడిపి
సాయంత్రం దాకా ఒక్కో టికెట్టూ
చేత్తో చేసినట్టే, నెమ్మదిగా మూస్తాను.
మధ్యలో మనీప్లాంట్‌కి నీళ్ళు.

బారసాల రోజు ఎప్పుడో దాటిపోయింది,
ఆ ఫైలుకింకా పేరు పెట్టలేదు.