ఆకు కాని ఆకు

హరిణ వనస్థలిలో, రాత్రంతా వాన కురిసిన తెల్లారి,
సీతాఫలం పొదలో ఒక ఆకు
గాలి లేకుండానే వణికింది.

ఫర్హానా ముందు చూసింది.
"కదలకు" అంది, నేను కదలకముందే.

బొటనవేలంత ఒళ్లు, దానికి తగ్గ రెక్కలు,
ఆకుపచ్చ మీద ఇంకో ఆకుపచ్చ,
మధ్యలో ఒక లేత గులాబీ చార,
తడిబట్ట మీద ఎవరో రంగు జార్చుకున్నట్టు.
ఎగరడానికి ముందు ఒళ్లు వేడెక్కించుకుంటోంది
చలికాలపు పొద్దున మా పాత స్కూటర్‌లా.

వాచర్ బాల్‌నర్సయ్య చేతికర్ర ఆనించి వంగాడు.
"సీతాకోకనే గదమ్మా."
కాదు తాతా, చిమ్మట.
"చిమ్మటనా? గది బీరువల చీరెలు తింటది.
గిది గట్ల లేదు."

నిజమే.
పగలు ఎగిరేదానికి సీతమ్మ పేరు పెట్టుకున్నాం,
రాత్రి ఎగిరేవాటన్నిటికీ కలిపి
ఒక్క దొంగ పేరు.

విజయవాడ రోడ్డు మీద లారీ ఏదో హారన్ కొట్టింది.
ఆకు లేచిపోయింది.
ఫోన్‌లో మిగిలినవి మూడు ఫొటోలు:
ఒకటి మసక, ఒకటి ఫర్హానా వేలు,
ఒకదాంట్లో మాత్రం అది ఉంది.

రాత్రి వంటిల్లు సర్దేశాక
లైబ్రరీ నుంచి తెచ్చిన లావు పుస్తకం తెరిచాను.
రెక్క అంచు చూసి కొన్నిటిని కొట్టేశాను,
గులాబీ చార చూసి ఇంకొన్నిటిని.
నూట పద్దెనిమిదో పేజీలో దొరికింది.
ఇంగ్లీషు పేరును నాకొచ్చినట్టు తెలుగు చేసుకుంటే
గన్నేరు డేగ.

ఫర్హానాకి చెబుదామని ఫోన్ తీసి
ఆ కింది వాక్యం కూడా చదివాను.
దీని గొంగళి గన్నేరాకు తింటుంది,
నందివర్ధనం దొరికితే అదీ తింటుంది.
పక్కన బొమ్మ.
లావుగా, నున్నగా, పచ్చగా,
మెడ మీద రెండు నీలి కళ్లు.

ఆ కళ్లు నాకు తెలుసు.

ఆషాఢంలో, మా బాల్కనీ కుండీలో
నందివర్ధనం కొమ్మలన్నీ బోడి చేస్తున్నాయని
పట్టకారుతో ఒక్కొక్కటే లాగి
ఉప్పునీళ్ల డబ్బాలో వేశాను.
ఏడు.
లెక్క ఎందుకు గుర్తుందంటే
ఆ సాయంత్రం అక్కకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను.

ఫర్హానాకి పేరు మాత్రం పంపాను.
"వాహ్" అంది. "మన దగ్గర అరుదా?"

బాల్కనీలోకి వెళ్లి
కొత్తగా చిగిర్చిన కొమ్మల అడుగున
టార్చి వేసి చూశాను.
అన్నీ ఆకులే.

అరుదేం కాదు, అని టైపు చేసి
చాలాసేపు పంపలేదు.